స్కాట్లాండ్ కొండపాటలు: బాణీలు, వాటిని మోసిన మనుషులు

ఈ ప్రత్యేక సంచికలో మన పాటల గురించి, మన ఆటల గురించి పెద్దలు చాలామంది రాస్తున్నారు. అందుకని మేము కాస్త దూరం వెళ్లి, సముద్రాల అవతలి ఒక కొండ జనం పాటల గురించి రాయాలనుకున్నాం. వాళ్లది స్కాట్లాండ్, బ్రిటన్ దీవికి ఉత్తరపు కొస. వాళ్ల బాణీలు మనకేం తెలుసు అనుకోకండి, కొన్ని తెలుసు. మిలటరీ పరేడ్‌లో సంచిని చంకలో పెట్టుకుని ఊదే బ్యాగ్‌పైపు వాళ్లదే. డెహ్రాడూన్ మిలటరీ అకాడమీలో శిక్షణ పూర్తయిన క్యాడెట్లు చివరిసారి నెమ్మదిగా కవాతు చేస్తూ వెళ్లేటప్పుడు వాయించే 'ఆల్డ్ లాంగ్ సైన్' కూడా వాళ్లదే. రవీంద్రనాథ్ ఠాగూర్ 'పురానో షేయ్ దినేర్ కథా' పాటకు తీసుకున్నది ఆ బాణీనే.

మనకు ఏజెన్సీ, మైదానం ఉన్నట్టే స్కాట్లాండ్‌కూ రెండు భాగాలున్నాయి. ఉత్తరాన, పడమటి వైపున కొండలు, దీవులు. దాన్ని హైలాండ్స్ అంటారు. అక్కడి భాష గేలిక్. దక్షిణాన, తూర్పున పల్లపు నేల. అది లోలాండ్స్, అక్కడ మాట్లాడేది ఇంగ్లీషుకు దగ్గరి చుట్టమైన స్కాట్స్. కొండసీమ జనం క్లాన్లుగా బతికేవారు. గేలిక్‌లో ఆ మాటకు 'పిల్లలు' అని అర్థం. ఒకే మూలపురుషుడి పిల్లలమని చెప్పుకునే కుదురు అన్నమాట. మన గట్లు, గోత్రాలు తెలిసినవాళ్లకు ఇంతకన్నా విడమరిచి చెప్పనక్కర్లేదు.

ముందు బాణీల గుణం చూద్దాం. ఫోన్‌లో పియానో యాప్ ఉన్నవాళ్లు ఒక పని చేయండి. తెల్ల మెట్లు వదిలేసి నల్ల మెట్లు మాత్రమే నొక్కుతూ పోండి. ఏది నొక్కినా ఒక పాటలాగే వినిపిస్తుంది. అవి ఐదు స్వరాలు. మన లెక్కలో స, రి, గ, ప, ద. మ, ని ఉండవు. సంగీతం నేర్చుకున్నవాళ్లు దాన్ని మోహన రాగం అంటారు. 'ఆల్డ్ లాంగ్ సైన్' ఈ ఐదింటిలోనే మొత్తం నడుస్తుంది. స్కాట్లాండ్ పాత బాణీల్లో చాలావాటికి ఇదే పునాది. అవే ఐదు స్వరాలు పట్టుకుని, పాట ఆగే చోటు మారిస్తే ముఖం మారిపోతుంది. రి దగ్గర ఆగితే మధ్యమావతి లాగా, ద దగ్గర ఆగితే శుద్ధ ధన్యాసి లాగా వినిపిస్తుంది. అన్ని పాటలూ ఐదు స్వరాలవే అని కాదు. ఆరు, ఏడు స్వరాలవీ ఉన్నాయి. కానీ అక్కడ కూడా ఆ ఐదే స్తంభాలు, మిగతావి అలా తగిలి వెళ్లిపోతాయి. ఇంకొక అలవాటు కూడా వినండి: ఒక ముక్క పాడి, అదే ముక్కను ఒక్క స్వరం కిందికి దించి మళ్లీ పాడి, తిరిగి పైకి వస్తారు. ఊయల రెండు కొసలకూ పోయి వచ్చినట్టు ఉంటుంది.

ఇక్కడ ఒక చిన్న సవరణ. చర్చీలో పాడే 'అమేజింగ్ గ్రేస్' స్కాట్లాండ్ పాట అని చాలామంది అనుకుంటారు. పదాలు రాసింది ఇంగ్లండ్‌కు చెందిన జాన్ న్యూటన్. ఇప్పుడు పాడే బాణీ 19వ శతాబ్దపు అమెరికా పాటల పుస్తకాల్లోది. 1972లో రాయల్ స్కాట్స్ డ్రగూన్ గార్డ్స్ బ్యాండు దాన్ని బ్యాగ్‌పైపుల మీద వాయించి రికార్డు తెచ్చింది, అప్పటి నుంచి అది వాళ్లదనే పేరు పడిపోయింది. అదీ ఐదు స్వరాల బాణీయే, అందుకే పైపు మీద అంత చక్కగా కుదిరింది.

బ్యాగ్‌పైపు సంగతికి వస్తే, తోలుతిత్తిలోకి గాలి ఊది, ఆ తిత్తిని మోచేత్తో నొక్కుతూ వాయిస్తారు. మన వైపు వీధి భాగోతాల్లో శ్రుతికి వాడే తిత్తిని చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. హైలాండ్ పైపుకు భుజం మీద నిలబడే మూడు గొట్టాలుంటాయి. అవి ఒకే స్వరాన్ని పట్టుకుని మోగుతూనే ఉంటాయి, అదే శ్రుతి. కిందికి వేలాడే నాలుగో గొట్టం మీద వేళ్లాడించి పాట వాయిస్తారు. దానికి ఉన్నవి తొమ్మిది స్వరాలే. తొమ్మిదికి మించి ఒక్కటి కూడా రాదు. పైగా ఈ వాద్యాన్ని గట్టిగా, మెల్లగా వాయించడం కుదరదు. మధ్యలో ఆపడం కూడా కుదరదు, తిత్తిలో గాలి ఉన్నంతసేపూ మోగుతూనే ఉంటుంది. మరి ఒకే స్వరాన్ని రెండుసార్లు వాయించాలంటే? మధ్యలో రెప్పపాటు ఇంకో స్వరాన్ని తాకించి విడగొట్టాలి. అలా పుట్టినవే ఆ గిరగిర తిరిగే చిన్న స్వరాలు. అలంకారం అని మనం అనుకునేది నిజానికి వాద్యానికి ఉన్న అడ్డంకిలోంచి వచ్చింది. వాయించేవాడి గొప్పతనం ఆ చిన్న స్వరాల శుభ్రతలోనే తెలుస్తుంది.

పైపు మీద వాయించే పెద్ద సంగీతం వేరే ఉంది. దాన్ని గేలిక్‌లో 'క్యోల్ మోర్' అంటారు, అంటే పెద్ద సంగీతం అనే అర్థం. మొదట నెమ్మదైన ఒక బాణీ వస్తుంది. దాని పేరు 'ఊర్లార్', అంటే నేల. ఆ నేల మీద ఒక్కొక్క వరసే కట్టుకుంటూ, వేళ్ల పని చిక్కబడుతూ పోయి, చివరికి మళ్లీ ఆ నేలకే దిగుతారు. చనిపోయిన నాయకుడికి, జరిగిన యుద్ధానికి, కూడిన కుదురుకు ఇలాంటివి కట్టేవారు. స్కై దీవిలో మాక్రిమన్ల వంశం తరతరాలుగా డన్వెగన్ మాక్లౌడ్ నాయకులకు పైపర్లు. నేర్పడానికి కాగితం లేదు. ఒక్కొక్క వేలి కదలికకు ఒక్కొక్క అక్షరం పెట్టి గురువు నోటితో పాడేవాడు, శిష్యుడు తిరిగి పాడేవాడు. మన డోలు దెబ్బలను నోటితో చెప్పి నేర్పినట్టే.

ఫిడేలు బాణీలకు ఇంకో గుణం ఉంది. తెలుగు వాచకంలో లఘువు, గురువు చదువుకున్నారు కదా. స్కాట్లాండ్ బాణీల్లో లఘువు మీద దెబ్బ వేసి, వెంటనే గురువు మీద సాగదీస్తారు. 'త-కా, త-కా' అని తొడ మీద చరుచుకుని చూడండి, మొదటి 'త' మీదే బరువు పడాలి. దాన్ని స్కాచ్ స్నాప్ అంటారు. స్పే నది లోయ పేరు మీద వచ్చిన 'స్ట్రాత్‌స్పే' అనే నాట్య బాణీకి అదే ప్రాణం. అక్కడి భాషల్లో పొట్టి అక్షరం మీద ఒత్తు పడి తర్వాతిది సాగే మాటలు ఎక్కువ, అందుకే బాణీ అలా నడుస్తుందని చాలామంది అంటారు. మాకూ అదే నిజమనిపిస్తుంది. మాట నడిచినట్టే కదా పాట నడిచేది. దానికన్నా వేగంగా, సమంగా పరుగెత్తేది రీల్. మూడేసి దెబ్బల నడకతో గెంతేది జిగ్. ఇన్వర్ అనే చిన్న పల్లెకు చెందిన నీల్ గౌ (1727–1807) ఈ బాణీలకు పేరుపడ్డ ఫిడేలు మనిషి. గొప్పింటి నాట్యాలకు వాయించి బతికాడు. కానీ ఇవాళ్టికీ ఎక్కువగా వాయించేది రెండో భార్య పోయినప్పుడు ఆయన కట్టిన శోకబాణీని.

ఇక మాకు ఎక్కువ ఇష్టమైన చోటుకు వస్తాం. అది ఆడవాళ్ల పాటలు.

పడమటి దీవుల్లో గొర్రె ఉన్నితో ఇంట్లోనే బట్ట నేసేవారు. మగ్గం మీంచి దించిన బట్ట వదులుగా, గరుకుగా ఉంటుంది. దాన్ని చిక్కబరచాలంటే నిల్వ ఉంచిన మూత్రంలో నానబెట్టి, తడి తడిగా బల్ల మీద కొట్టాలి. పొడవాటి బల్లకు అటూ ఇటూ ఆడవాళ్లు కూర్చుని, బట్టను బల్ల మీద బాదుతూ పక్కామెకు అందిస్తూ, సూర్యుడు తిరిగే దిక్కునే తిప్పేవారు. గంటల తరబడి చేసే పని ఇది. చేతులు పడిపోతాయి. పాట లేకపోతే పని సాగదు. ఒకామె చరణం ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు పల్లవి అందుకుంటారు. ఆ పల్లవిలో చాలావరకు అర్థం లేని అక్షరాలే ఉంటాయి, మన 'రేల రేల' లాగా. అర్థం లేదంటే విలువ లేదని కాదు. ఏ పాటకు ఆ అక్షరాలే, ఇంకోదానికి పెట్టడానికి లేదు. ఆ అక్షరాలు నోట్లోకి వస్తే బాణీ దానంతటదే వస్తుంది. పుస్తకం లేని చోట అదే పుస్తకం.

బట్ట ఎంత చిక్కబడిందో వేలితో కొలిచి, ఇంకా ఇన్ని పాటల పని ఉంది అని చెప్పుకునేవారు. గడియారంతో పని లేదు. మొదట నెమ్మది పాటలు, బట్ట ఒంటికి వచ్చేకొద్దీ వేగం పాటలు. ఆ బల్ల దగ్గరికి మగవాళ్లు రారు. అందుకేనేమో ఆ పాటల్లో ఆడవాళ్లు దాచుకోకుండా మాట్లాడతారు. సముద్రంలో మునిగిపోయిన అన్నదమ్ముల గురించి, మోసం చేసి వెళ్లిన వాడి గురించి, తమ కుదురు నాయకుడి గురించి, ఎదుటి కుదురు మీద ఎగతాళిగా. కొన్ని పాటలు 1600ల నాటివి. రాయడం, చదవడం రాని ఆడవాళ్లు మూడు వందల ఏళ్లకు పైగా వాటిని నోటి మీదే మోశారు.

బల్ల పాట కాదు గానీ, 1570 నాటి ఒక జోలపాట గురించి కూడా చెప్పాలి. గేలిక్‌లో దాన్ని 'గ్రిగల్ క్రియ' అంటారు. మరియన్ క్యాంబెల్ అనే ఆమె, తన పుట్టింటి కుదురుకు గిట్టని మెక్‌గ్రెగర్ కుదురు అబ్బాయిని పెళ్లి చేసుకుంది. ఆ ఏడాది ఆమె సొంత కుదురు వాళ్లే అతని తల నరికించారు. ఒళ్లో బిడ్డను పెట్టుకుని ఆమె కట్టిన పాట అది. పైకి జోల, లోపల శోకం. కొన్నాళ్లకు, 1603లో, రాజు మెక్‌గ్రెగర్ అనే పేరునే నిషేధించాడు. ఆ పేరు చెప్పుకుంటే నేరం. మధ్యలో కొన్నేళ్లు సడలించినా, పూర్తిగా ఎత్తేసింది 1774లోనే. అన్నేళ్లూ పేరు లేకుండా బతికిన కుదురు పాట మాత్రం పేరుతోనే బతికింది, ఎందుకంటే ఆ పాట పేరులోనే గ్రిగల్ పేరు ఉంది.

1746 ఏప్రిల్ 16న కులోడెన్ మైదానంలో కొండ కుదుళ్ల సైన్యం ప్రభుత్వ సైన్యం చేతిలో గంటలోపే ఓడిపోయింది. ఆ తర్వాత ఆయుధాలు లాక్కున్నారు. హైలాండ్ బట్టలు మగవాళ్లు కట్టుకోకూడదని చట్టం చేశారు, అది 1782 దాకా నడిచింది. బ్యాగ్‌పైపును కూడా నిషేధించారని చాలా పుస్తకాలు రాస్తాయి. చట్టంలో ఆ మాట లేదు. అయితే జేమ్స్ రీడ్ అనే పైపర్ కథ మాత్రం నిజం. నా చేతిలో కత్తి లేదు, పైపే ఉంది అని అతను యార్క్ కోర్టులో మొరపెట్టుకున్నాడు. పైపర్ లేకుండా హైలాండ్ దళం ఎప్పుడూ కదలదు, కాబట్టి పైపు కూడా ఆయుధమే అని తేల్చి, అదే ఏడాది నవంబరులో ఉరి తీశారు. తర్వాత అదే ప్రభుత్వం హైలాండ్ యువకులను తన సైన్యంలో చేర్చుకుని, అదే పైపులు మోగిస్తూ దేశదేశాలు గెలిచింది. మన దేశానికి పైపు వచ్చింది ఆ దారిలోనే. ఓడినవాళ్ల పాట గెలిచినవాళ్ల కవాతు కావడం మాకు ఎప్పుడూ మింగుడుపడదు.

ఆ రోజుల్లో మద్రాసు కోటలో కంపెనీ బ్యాండు వాయించిన ఐరోపా బాణీలకు ముత్తుస్వామి దీక్షితులు సంస్కృత సాహిత్యం కట్టారు. నొట్టుస్వరాలు అంటే అవే. వాటిలో స్కాట్లాండ్, ఐర్లండ్ నాట్య బాణీలూ ఉన్నాయి. ఇంకో చుట్టరికం కూడా ఉంది. మన ఊళ్ల కైఫీయతులు రాయించిన కల్నల్ కాలిన్ మెకంజీ పుట్టింది లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో, గేలిక్ సీమలో. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో ఆయన ఇక్కడి ఊళ్ల చరిత్ర పోగుచేశారు. ఆయన పుట్టిన దీవి పాటలు పోగుచేసే పని అప్పటికి సరిగ్గా మొదలే కాలేదు.

యుద్ధం చేసినదానికన్నా ఎక్కువ పని బడి చేసింది. 1609లోనే కొండ నాయకుల చేత ఒప్పందం రాయించుకుని, వాళ్ల వారసులను మైదానానికి పంపి ఇంగ్లీషు చదివించాలన్నారు. 1709 నుంచి ఒక మిషన్ సంఘం కొండల్లో బడులు పెట్టింది, గేలిక్‌ను మాన్పించడం మొదట్లో దాని ఉద్దేశాల్లో ఒకటి. 1872లో అందరికీ చదువు అనే చట్టం వచ్చినప్పుడు అందులో గేలిక్ ప్రస్తావనే లేదు. బడిలో తన భాష మాట్లాడిన పిల్లవాడి మెడలో కర్ర కట్టేవారని పెద్దవాళ్లు తర్వాత చెప్పుకున్నారు. 1891 జనాభా లెక్కల్లో గేలిక్ మాట్లాడేవాళ్లు రెండున్నర లక్షలు. 2011కి సుమారు 57 వేలు. ఈ అంకెలు మేము మా హాస్టల్ పిల్లలకు లెక్కల పీరియడ్ లాగా బోర్డు మీద రాసి చూపించాం. రాత్రి భోజనాలయ్యాక వాళ్లు తమ భాషలో పాడుకునే అరగంటను ఏ పరీక్షలకూ తగ్గించం.

ఇంకోవైపు భూములు పోయాయి. నాయకులు భూస్వాములైపోయి, మనుషులకన్నా గొర్రెలు లాభమని లెక్క వేసుకున్నారు. సదర్లాండ్ సీమలో 1810లలో ఇళ్లు ఖాళీ చేయించారు. స్ట్రాత్‌నేవర్ లోయలో 1814లో కప్పులకు నిప్పు పెట్టారని జనం సాక్ష్యం చెప్పారు. ఆ పని చేయించిన పాట్రిక్ సెల్లర్ మీద 1816లో కేసు నడిచింది, నిర్దోషి అని వదిలేశారు. జనం మరచిపోలేదు, అతని మీద గేలిక్‌లో తిట్టుపాటలు కట్టారు. వేలమంది ఓడలెక్కి కెనడా వెళ్లిపోయారు.

పాటలు రాసుకున్నవాళ్ల సంగతి. పల్లపు సీమలో రైతు బిడ్డ రాబర్ట్ బర్న్స్ (1759–1796) పాత పాటల ముక్కలు ఏరి, లోటు పూరించి, 'స్కాట్స్ మ్యూజికల్ మ్యూజియం' పుస్తకాలకు డబ్బు తీసుకోకుండా ఇచ్చాడు. ఆరు సంపుటాలు, ఆరు వందల పాటలు. ఎడింబరోకు చెందిన జార్జ్ థామ్సన్ అయితే బాణీలను వియన్నాలో ఉన్న బేథోవెన్‌కు పంపి వాద్యాలు కూర్పించాడు. పదాలు పంపకుండా బాణీ మాత్రం పంపేవాడు. పదాలు కూడా పంపమని బేథోవెన్ అడగాల్సివచ్చింది. అడిగాడంటే ఆయనకు పాట అంటే ఏమిటో తెలుసన్నమాట.

దీవుల పాటలు 1909లో మార్జరీ కెన్నెడీ-ఫ్రేజర్ పుస్తకంతో పట్నాలకు తెలిశాయి. ఆమె పియానో చేర్చి, మాటలు మార్చి, సభల్లో పాడేలా మెత్తగా చేసింది. ఆ పాటలు బాగుంటాయి, కాదనం. కానీ బల్ల మీద బట్ట దెబ్బ వాటిలో వినిపించదు. స్కై దీవికి చెందిన ఫ్రాన్సిస్ టోల్మీ 1911లో 105 పాటలను తాను విన్నట్టుగానే, ఎవరి దగ్గర విన్నదీ చెబుతూ అచ్చువేయించింది. పేరు తక్కువ వచ్చింది, నమ్మకం ఎక్కువ నిలిచింది. మార్గరెట్ ఫే షా అనే అమెరికా యువతి 1929లో సౌత్ ఉయిస్ట్ దీవికి వెళ్లి పెగి, మారి మెక్‌రే అనే అక్కచెల్లెళ్ల ఇంట్లో ఆరేళ్లు ఉండిపోయింది. వాళ్లతో పని చేస్తూ, భాష నేర్చుకుంటూ, పాటలు రాసుకుంటూ. పాటతో పాటు ఆ ఇంటి వంట, మందులు, సామెతలు కూడా ఆమె పుస్తకంలో ఉన్నాయి.

1951లో ఎడింబరో యూనివర్సిటీలో స్కూల్ ఆఫ్ స్కాటిష్ స్టడీస్ పెట్టాక టేపు రికార్డర్లతో ఊళ్లు తిరిగారు. అప్పటిదాకా ఎవరూ లెక్కచేయనివాళ్లు ట్రావెలర్లు. తగరం పని, గుర్రాల బేరం, నదిలో ముత్యాల వేట, కాలానికి పండ్లు కోసే కూలి, ఇలా గుడారాలతో తిరిగే జనం. ఊరివాళ్లు వాళ్లను చులకనగా పిలిచేవారు, దొంగలనేవారు. 1953లో హామిష్ హెండర్సన్ అబర్డీన్‌లో జీనీ రాబర్ట్‌సన్ ఇంటి తలుపు తట్టాడు. తల్లి దగ్గర నేర్చుకున్న పాత కథాగేయాలు ఆమె నోట్లో ఉన్నాయి. పుస్తకాల్లో తప్ప మిగల్లేదని పండితులు అనుకున్నవి ఆ గుడారాల జనం దగ్గర ప్రాణంతో ఉన్నాయి. 1968లో ఆమెకు ఎంబీఈ బిరుదు ఇచ్చారు. బిరుదు సంగతి అలా ఉంచితే, ఏ పాట ఎవరిదంటే ఇప్పుడు 'జీనీ పాడింది' అని చెబుతారు. మాకు అదే పెద్ద విషయం.

కెనడాకు వెళ్లినవాళ్ల దగ్గర ఇంకో కథ. కేప్ బ్రెటన్ దీవిలో గేలిక్ జనం ఫిడేలును, కాళ్లతో వేసే నాట్యాన్ని పాత పద్ధతిలోనే ఉంచుకున్నారు. బట్ట కొట్టే పని అక్కడ మగవాళ్లు కూడా చేశారు, పాటలూ పాడారు. 1970ల మొదట్లో ఒక టీవీ డాక్యుమెంటరీ అక్కడి ఫిడేలు అంతరించిపోతోందని చెప్పింది. దీవివాళ్లకు రోషం వచ్చింది. 1973లో గ్లెన్‌డేల్ ఊళ్లో వందమందికి పైగా ఫిడేళ్లు పట్టుకుని ఒకే వేదిక ఎక్కారు. తర్వాత రోజుల్లో స్కాట్లాండ్ వాళ్లే తమ పాత నడక నేర్చుకోవడానికి కేప్ బ్రెటన్ మనుషులను పిలిపించుకున్నారు.

1981లో బార్రా అనే చిన్న దీవిలో తల్లిదండ్రులు, పెద్దలు కలిసి తమ పిల్లలకు తమ పాట, తమ వాద్యం, తమ భాష నేర్పడానికి ఒక పండగ పెట్టారు. దాన్ని గేలిక్‌లో 'ఫేష్' అంటారు. నేర్పినవాళ్లు పాడేవాళ్లు, వాయించేవాళ్లు. ఇవాళ అలాంటివి స్కాట్లాండ్ అంతటా నలభైకి పైగా నడుస్తున్నాయి. పాత టేపులను కూడా 'టోబార్ అన్ డ్యువల్‌కస్' అనే పేరుతో ఆన్‌లైన్‌లో పెట్టారు, ఎవరైనా ఉచితంగా వినవచ్చు. ఆ పేరుకు 'వారసత్వపు ఊటబావి' అని అర్థం. ఒక్కొక్క పాట కింద పాడిన మనిషి పేరు, ఊరు, రికార్డు చేసిన ఏడాది రాసి ఉంటాయి. సెలవుల్లో ఇంటికి వెళ్లి నాయనమ్మ పాటను ఫోన్‌లో ఎక్కించుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ముందు ఆ పేజీ ఒకసారి చూడండి. మీ ఫైలుకు ఏం పేరు పెట్టాలో తెలుస్తుంది.